ఏలినవారి చిత్తం నుంచి ఎంక్వైరీ రిపోర్టు నకలు దాకా

సస్పెండైన ఉద్యోగి చేతిలో ఒక ఫైలు ఉంటుంది. మొదట్లో అది పలచగానే ఉంటుంది. ఒక్క ఉత్తర్వు, దాని కింద అధికారి సంతకం. నెలలు గడిచేకొద్దీ ఛార్జి మెమో వచ్చి చేరుతుంది, రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్న సంజాయిషీ నకలు చేరుతుంది, ఆ తర్వాత సాక్షుల వాంగ్మూలాలు, విచారణాధికారి నివేదిక, చివరికి శిక్ష ఉత్తర్వు. ఆ ఫైలు పట్టుకుని సర్వీసు కేసులు చూసే వకీలు దగ్గరికి వెళ్తే, ఆయన మన గోడు పూర్తిగా వినకముందే కాగితాలు తిరగేస్తూ ప్రశ్నలు మొదలుపెడతాడు. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్న అధికారి ఎవరు, తీసేసిన అధికారి ఎవరు? మీకు వ్యతిరేకంగా చెప్పిన సాక్షిని అడ్డు ప్రశ్నలు అడగనిచ్చారా? రిపోర్టు నకలు శిక్ష వేయకముందు ఇచ్చారా, వేశాక ఇచ్చారా?

కడుపు మండి వెళ్ళిన మనిషికి ఈ ప్రశ్నలు మొదట అర్థం కావు. "నేను తప్పు చెయ్యలేదండీ" అని చెప్పుకోవడానికి వెళ్తే ఈయన తేదీలూ సంతకాలూ అడుగుతాడేమిటి అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కో ప్రశ్న వెనక ఉద్యోగం పోగొట్టుకుని కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి ఒకడున్నాడు. వాళ్ళలో కొందరు గెలిచారు. ఓడినవాళ్ళ సంఖ్య తక్కువేమీ కాదు.

ఇంగ్లండులో పాత సూత్రం ఒకటి ఉండేది. రాజుగారి కొలువులో ఉన్నవాడు రాజుగారి చిత్తం ఉన్నంతకాలమే కొలువులో ఉంటాడు. ఎందుకు తీసేశారని అడిగే హక్కు అతనికి లేదు. ఈస్టిండియా కంపెనీతో పాటు ఆ సూత్రమూ ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. కంపెనీ పోయి రాణి పాలన వచ్చినా అదే నడిచింది. దానికి మొదటి కంచె పడింది 1919 భారత ప్రభుత్వ చట్టంలో. ఆ చట్టంలోని 96-బి సెక్షన్ రెండు మాటలు చెప్పింది. ఉద్యోగి రాజుగారి చిత్తం మీదే కొలువులో ఉంటాడు, అయితే అతన్ని నియమించిన అధికారి కంటే కింది అధికారి అతన్ని బర్తరఫ్ చేయకూడదు. దాని కింద చేసిన నిబంధనల్లో, తీసేసేముందు ఆరోపణలు రాతలో ఇచ్చి విచారణ జరపాలన్న ఏర్పాటూ ఉంది.

అక్కడ వస్తాడు వెంకటరావు. మద్రాసులోని ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరు. అంటే అచ్చు ప్రతులు దిద్దే మనిషి. పరీక్ష పేపర్లు బయటికి పొక్కాయన్న వ్యవహారంలో అతని మీద అనుమానం పడింది. ఉద్యోగం తీసేశారు. నిబంధనల్లో రాసి ఉన్న విచారణ జరగలేదు. అతను దావా వేశాడు. కేసు మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లోని అప్పట్లో చివరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. ఒక ప్రెస్సు ఉద్యోగి అంత దూరం ఎలా లాక్కొచ్చాడో, ఏమమ్ముకున్నాడో లా రిపోర్టులు చెప్పవు. తీర్పు మాత్రం 1937 రిపోర్టుల్లో ఉంది. విచారణ జరగాల్సిన పద్ధతిలో జరగలేదని ప్రివీ కౌన్సిల్ కూడా ఒప్పుకుంది. ఉద్యోగిని ఇష్టం వచ్చినట్టు తీసేయబోమని చట్టం గంభీరంగా మాట ఇచ్చిందని కూడా అన్నది. కానీ ఆ మాట తప్పితే కోర్టుకొచ్చి నష్టపరిహారం అడిగే హక్కు మాత్రం లేదన్నది. పై అధికారులకు అప్పీలు పెట్టుకోవాలి, అంతవరకే. వెంకటరావు ఓడిపోయాడు.

అదే ప్రివీ కౌన్సిల్ ముందుకు అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచే మరో కేసు వెళ్ళింది. రంగాచారి అనే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు కేసు అది. అతన్ని తీసేసింది నియమించిన అధికారి కంటే కింది అధికారి. ఆ ఉత్తర్వు చెల్లదన్నారు. రెండు తీర్పులూ చెప్పింది ఒకే న్యాయమూర్తి, లార్డ్ రోష్. తేడా ఏమిటంటే, రంగాచారికి అండగా నిలిచిన మాట చట్టంలోనే ఉంది, వెంకటరావుకు అండగా ఉండాల్సిన మాట నిబంధనల్లో మాత్రమే ఉంది. సంతకం ఎవరిదని వకీలు ఈనాటికీ అడిగే మొదటి ప్రశ్న రంగాచారి దగ్గర పుట్టింది. విచారణ హక్కు నిబంధనల్లోంచి పైకెక్కి చట్టంలోకి, అక్కణ్ణుంచి రాజ్యాంగంలోకి ఎందుకు రావాలో తేల్చి చూపించింది వెంకటరావు ఓటమి. నా దృష్టిలో ఈ కథలో పెద్ద మనిషి అతనే.

ఆ తీర్పు వచ్చేనాటికే 1935 చట్టం తయారై ఉంది. దాని 240వ సెక్షన్‌లో కొత్త వాక్యం ఒకటి చేరింది. తనపై తీసుకోబోయే చర్య ఎందుకు తగదో చెప్పుకోవడానికి ఉద్యోగికి సరైన అవకాశం ఇవ్వాలన్నది ఆ వాక్యం. ఇవ్వకపోతే ఏమవుతుందో తేలడానికి మరో పదేళ్ళు పట్టింది. ఐ.ఎం. లాల్ అనే ఐసీఎస్ అధికారిని 1940లో ఉద్యోగం నుంచి తొలగించారు. ఆయన కేసులో ప్రివీ కౌన్సిల్ 1948లో తీర్పు చెప్పింది. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం కూడా వచ్చేసింది. అవకాశం ఇవ్వడం తప్పనిసరి, ఇవ్వని తొలగింపు చెల్లదు అన్నారు. ఆరోపణల మీద విచారణ ముగిసి ఫలానా శిక్ష వేద్దామని అనుకున్నాక కూడా ఉద్యోగిని ఒకసారి అడగాలన్నారు. షోకాజ్ నోటీసు రెండుసార్లు ఇవ్వాలన్న పద్ధతి అక్కడ స్థిరపడింది. లాల్ గెలిచాడు కానీ జీతం బకాయి అడిగితే మాత్రం అది రాజుగారి దయ అనే పాత మాటే వినిపించింది. ఆ మాటను 1954లో మన సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పిరికితనం చూపాడన్న ఆరోపణ మీద బీహార్‌లో ఉద్యోగం పోగొట్టుకున్న అబ్దుల్ మజీద్ అనే సబ్ ఇన్‌స్పెక్టరు కేసు అది. చేసిన పనికి రావలసిన జీతం భిక్ష కాదు, దావా వేసి రాబట్టుకోవచ్చు అన్నారు.

1950 రాజ్యాంగంలో ఈ చరిత్ర అంతా 310, 311 అధికరణాలుగా పక్కపక్కనే కూర్చుంది. 310 పాత సూత్రమే, కాకపోతే రాజుగారి చోట రాష్ట్రపతి, గవర్నరు వచ్చారు. 311 దానికి కట్టిన గట్టు. నియమించినవారి కంటే కిందివారు తీసేయకూడదు. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా బర్తరఫ్ చేయడం గానీ, తొలగించడం గానీ, హోదా తగ్గించడం గానీ కుదరదు. ఈ రక్షణ ఐఏఎస్‌కే పరిమితం కాలేదు. ప్రభుత్వంలో సివిల్ పోస్టు ఏదున్నా, అటెండరు దాకా, అందరిదీ. దేశంలోని అత్యున్నత చట్టంలో ఒక అటెండరు ఉద్యోగానికి కాపలా వాక్యం ఉండటం మనకు అలవాటైపోయింది గానీ, ఆలోచిస్తే చాలా పెద్ద సంగతి. సైన్యంలో ఉన్నవారికీ ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసేవారికీ ఈ అధికరణం వర్తించదు.

సరైన అవకాశం అంటే ఏమిటో రాజ్యాంగం విడమరచి చెప్పలేదు. దాన్ని విడదీసి చెప్పింది ఖేమ్‌చంద్ కేసు. ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ రాసిన ఆ తీర్పు 1958 రిపోర్టుల్లో ఉంది. ఆరోపణ ఏమిటో తెలుసుకుని నేను చేయలేదని చెప్పుకునే అవకాశం, సాక్షులను ప్రశ్నించి తన సాక్షులను తెచ్చుకునే అవకాశం, శిక్ష ఎక్కువైందని చెప్పుకునే అవకాశం. ఈ మూడూ కలిస్తేనే అది అవకాశం. అదే ఏడాది రిపోర్టుల్లో పురుషోత్తం లాల్ ధింగ్రా కూడా కనిపిస్తాడు. రైల్వేలో మూడో తరగతి నుంచి తాత్కాలికంగా రెండో తరగతి పోస్టుకు వెళ్ళి, పనితీరు బాగాలేదన్న రిమార్కులతో వెనక్కి వచ్చిన ఉద్యోగి. ఇలా వెనక్కి పంపడం, అంటే రివర్షన్, హోదా తగ్గించడమే కదా అని కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. అయితే అతన్ని ఓడించడానికి కోర్టు గీసిన గీత తర్వాత ఎందరినో గట్టెక్కించింది. ఆ పోస్టు మీద ఉద్యోగికి హక్కుందా, రివర్షన్‌తో పాటు జీతం కోత, సీనియారిటీ నష్టం లాంటి దండన తగిలిందా అని చూడాలని చెప్పిన గీత అది. రివర్షన్ ఉత్తర్వులో శిక్ష అన్న మాట లేకపోయినా, లోపల శిక్ష దాగుందని చూపించగలిగితే 311 అడ్డుపడుతుంది.

మన రాష్ట్రం ఇక్కడ ఒక కటువైన పాఠంతో ప్రవేశిస్తుంది. 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ శ్రీరామారావు అనే సబ్ ఇన్‌స్పెక్టరుకూ మధ్య వచ్చిన కేసులో, శాఖాపరమైన విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టు కాదని సుప్రీంకోర్టు తేల్చేసింది. సాక్ష్యం బలంగా ఉందా, బలహీనంగా ఉందా అని జడ్జీలు మళ్ళీ తూకం వేయరు. విచారణ పద్ధతిగా జరిగిందా, ఎంతో కొంత సాక్ష్యమైనా ఉందా అని మాత్రమే చూస్తారు. సర్వీసు న్యాయం చదివేవారికి ఈ తీర్పు కంఠతా వచ్చి తీరాలి. వకీలు మన గోడు వినకుండా తేదీలు ఎందుకు అడుగుతాడన్న ప్రశ్నకు జవాబు ఇదే. నిర్దోషినని నిరూపించుకోవలసిన చోటు విచారణాధికారి గది. ఆ గదిలో అడగని ప్రశ్నను హైకోర్టులో అడగడం దాదాపు అసాధ్యం.

అలాంటి గదిలో ఉద్యోగి పక్కన ఎవరుంటారు? కేంద్ర ఉద్యోగుల 1965 నిబంధనల ప్రకారం, పదవిలో ఉన్న లేదా రిటైరైన మరో ప్రభుత్వోద్యోగిని డిఫెన్స్ అసిస్టెంటుగా తెచ్చుకోవచ్చు. వకీలు రావాలంటే, ప్రభుత్వం తరఫున కేసు నడిపే ప్రెజెంటింగ్ ఆఫీసరు కూడా వకీలై ఉండాలి, లేదా అధికారి అనుమతి ఇవ్వాలి. ఇలాంటి ఏర్పాటులో ఉన్న అన్యాయం 1983లో బొంబాయి పోర్టు ట్రస్టు ఉద్యోగి నాద్కర్ణి కేసులో బయటపడింది. యాజమాన్యం తరఫున న్యాయశాస్త్రం చదివిన అధికారులు కూర్చున్నారు. ఇటు పక్క ఉద్యోగికి వకీలును పెట్టుకోనివ్వలేదు. ఇది సమ ఉజ్జీ కాదని సుప్రీంకోర్టు ఉద్యోగి పక్షాన నిలిచింది. నా మట్టుకు నాకు, పెద్ద వకీళ్ళ కంటే కూడా ఈ రిటైరైన హెడ్ క్లర్కులూ సూపరింటెండెంట్లూ గొప్పవాళ్ళనిపిస్తారు. నిబంధన నెంబరు నోటికి చెప్పి, "ఆ రిజిస్టరు అసలు ప్రతి తెప్పించండి సార్" అని నెమ్మదిగా పట్టుబట్టే మనిషి పక్కనుంటే, వణికే ఉద్యోగికి వెన్ను నిలబడుతుంది.

రాజ్యాంగ వాక్యం మాత్రం స్థిరంగా ఉండలేదు. 1963లో 15వ సవరణ దాన్ని కొంచెం మార్చింది. 1976లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, 42వ సవరణ రెండో నోటీసును కొట్టేసింది. ఇక విచారణ ముగిశాక, ప్రతిపాదించిన శిక్ష గురించి ఉద్యోగిని అడగనక్కర్లేదు. ఆ నోటీసుతో పాటే మరొకటి కూడా పోయింది. నోటీసుకు జతచేసి ఇచ్చే విచారణ నివేదిక నకలు. తన మీద ఏం రాశారో చదవకుండానే ఉద్యోగం పోయే రోజులొచ్చాయి.

ఆ నకలు తిరిగి వచ్చిన కథలో హైదరాబాదు పేరు శాశ్వతంగా ఉండిపోయింది. 1990 నవంబరు 20న మహ్మద్ రంజాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, శిక్ష గురించి అడగకపోయినా నివేదిక ఇచ్చి తీరాలన్నది. దాని మీద సందేహాలు లేచి, 1993 అక్టోబరు 1న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్ళీ తేల్చింది. ఆ కేసు హైదరాబాదులోని ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ యాజమాన్యానికీ బి. కరుణాకర్ అనే ఉద్యోగికీ మధ్యది. మెజారిటీ తీర్పు జస్టిస్ పి.బి. సావంత్ రాశారు. మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి విడిగా తీర్పు రాశారు. విచారణాధికారి వేరు, శిక్ష వేసే అధికారి వేరు అయినప్పుడు, శిక్ష వేసే అధికారి ఆ నివేదిక చదివి మనసు స్థిరపరచుకోకముందే ఉద్యోగి దాన్ని చదివి జవాబు చెప్పుకోగలగాలి. నిబంధనల్లో ఆ మాట లేకపోయినా సరే. ప్రభుత్వ శాఖ కాకుండా సంస్థ అయినా సరే. 311 రక్షణ లేని ఈసీఐఎల్ లాంటి చోట పనిచేసేవారికి కూడా ఆ మేలు దక్కింది.

ఆ తీర్పులోనే ఒక మెలిక ఉంది. నివేదిక ఇవ్వలేదని రుజువైనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు. ఇవ్వకపోవడం వల్ల తనకు నిజంగా నష్టం జరిగిందని ఉద్యోగి చూపించాలి. తప్పు చేసింది అధికారి, నష్టం రుజువు చేసే బరువు ఉద్యోగి మీద. ఇది బరువైన షరతే అని నా అభిప్రాయం. సగం తీర్పు గుర్తుపెట్టుకుని కోర్టుకు వెళ్ళి నిరాశపడినవారు ఉంటారు కనుక చెప్పుకోవలసిన షరతు కూడా.

అసలు విచారణే లేకుండా తీసేసే దారులు మూడు 311లోనే ఉన్నాయి. క్రిమినల్ కేసులో శిక్ష పడినప్పుడు, విచారణ జరపడం సాధ్యం కాదని అధికారి కారణం రాసిపెట్టినప్పుడు, దేశ భద్రత కోసం. 1985లో తులసీరామ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారులను సమర్థించింది. ఈ మూడింట్లో చిక్కినవారికి మిగిలేది శాఖలో అప్పీలూ, ఆ తర్వాత కోర్టు సమీక్షా మాత్రమే.

కోర్టులంటే హైకోర్టు ఒకటే కాదు. ఇక్కడ తెలుగు నేల కథ ప్రత్యేకం. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ గొడవలు, తొలి విడత తెలంగాణ ఉద్యమం, జై ఆంధ్ర ఉద్యమం ముగిశాక 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలుచేయడానికి 32వ సవరణతో రాజ్యాంగంలో 371-డి చేరింది. అందులో ప్రభుత్వోద్యోగుల తగవులు తీర్చడానికి ఒక ట్రిబ్యునల్ ఏర్పాటుచేయవచ్చని ఉంది. దేశానికంతటికీ అలాంటి ట్రిబ్యునళ్ళకు దారి తెరిచిన 323-ఎ అధికరణం వచ్చింది 1976లో. కేంద్ర ట్రిబ్యునల్ క్యాట్ పని మొదలుపెట్టింది 1985 నవంబరులో. రాజ్యాంగం పేరు పెట్టి మరీ ఉద్యోగుల ట్రిబ్యునల్ ఇచ్చింది ముందుగా మనకే.

ఇచ్చిన చేత్తోనే ఒక తాళం కూడా వేశారు. 371-డి లోని అయిదో క్లాజు ప్రకారం ట్రిబ్యునల్ తీర్పు వెంటనే అమల్లోకి రాదు. రాష్ట్ర ప్రభుత్వం ఖరారు చేయాలి, లేదా మూడు నెలలు గడవాలి. ఆ లోపు ప్రభుత్వం ఆ తీర్పును మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. ఉద్యోగి ప్రభుత్వం మీద కేసు గెలిస్తే, ఓడిన ప్రభుత్వమే ఆ గెలుపును కొట్టేయగలదన్నమాట. ఇన్నేళ్ళు పోరాడి తెచ్చుకున్న కాగితాన్ని ఎదుటి పక్షం చింపేయవచ్చు. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి భగవతి నేతృత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం ఆ తాళం పగలగొట్టింది. తగవులో ఒక పక్షమే తీర్పును తోసేయగలిగితే చట్టబద్ధ పాలన ఎక్కడుంటుందన్నది ఆ తీర్పు సారం.

హైకోర్టు తలుపు మూసేయడం మీద కూడా తొలి దెబ్బల్లో ఒకటి ఇక్కడే పడింది. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్ళకుండా నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్ళాలన్న ఏర్పాటు చెల్లదని 1993లో సకినాల హరినాథ్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి చెప్పింది. 1997 మార్చి 18న ఎల్. చంద్రకుమార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు ఆ తలుపును దేశమంతటికీ తెరిచారు. ఊళ్ళో టీచరు, పంచాయతీ గుమాస్తా ఢిల్లీ దాకా వెళ్ళలేరు. హైకోర్టుకు వెళ్ళగలరు. రాష్ట్రం విడిపోయాక 2016లో తెలంగాణ ఆ ట్రిబ్యునల్‌ను వదులుకుంది. కొన్నేళ్ళకు ఆంధ్రప్రదేశ్ కూడా వదులుకుంది. కేసు కట్టలు హైకోర్టులకు తరలిపోయాయి. కేంద్ర ఉద్యోగులకు మాత్రం క్యాట్ ఉంది. శిక్ష ఉత్తర్వు మీద శాఖలో 45 రోజుల్లోగా అప్పీలు పెట్టుకుని, అక్కడ పని కాకపోతే క్యాట్‌కు వెళ్ళాలి. అందుకు సాధారణంగా ఏడాది గడువు. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు న్యాయసేవల చట్టం కింద ఉచిత సహాయం అడిగే హక్కు ఉంది. ట్రిబ్యునల్ కేసులకూ ఆ హక్కు ఉందని చాలామందికి తెలియదు.

ఇవన్నీ కోర్టు మెట్లెక్కగలిగిన మనిషికి. ఎక్కాలంటే ముందు బతికి ఉండాలి. సస్పెన్షన్‌లో జీతం ఉండదు, జీవనభృతి ఉంటుంది. మొదట సగం జీతం లెక్కన ఇస్తారు, మూడు నెలలు దాటితే పెంచవచ్చు, ఆలస్యం ఉద్యోగి వల్లే అయితే తగ్గించవచ్చు. బొంబాయి సర్వీసు నిబంధనల్లో ఒకప్పుడు ఒక భయంకరమైన వాక్యం ఉండేది. క్రిమినల్ కోర్టు శిక్ష వేస్తే, అప్పీలు నడుస్తున్నంతకాలం సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి నెలకు భృతి ఒక్క రూపాయి. 1983లో చంద్రభాన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేదాకా అది అమల్లో ఉంది. అంతకు పదేళ్ళ ముందు మధ్యప్రదేశ్‌కు చెందిన ఘనశ్యామ్ దాస్ అనే అటవీ ఉద్యోగి, భృతి అందక దూరంలో జరుగుతున్న విచారణకు వెళ్ళలేకపోయాడు. డబ్బివ్వకుండా విచారణకు రమ్మంటే అది అవకాశం ఇచ్చినట్టు కాదని కోర్టు అతని తొలగింపును రద్దుచేసింది.

కోలారు బంగారు గనుల్లో సెక్యూరిటీ అధికారి కెప్టెన్ పాల్ ఆంథొనీ కథ ఇంకా బరువైనది. 1985 జూన్‌లో ఆయన ఇంట్లో సోదా జరిగింది. ఒక చిన్న బంగారపు ముద్ద, బంగారం కలిసిన ఇసుక దొరికాయన్నారు. సస్పెండు చేశారు. భృతి ఇవ్వలేదు. ఆయన కేరళలోని సొంత ఊరికి వెళ్ళిపోయాడు. చేతిలో డబ్బు లేదు, ఒంట్లో బాగాలేదు, విచారణకు రాలేనని మొరపెట్టుకున్నాడు. ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో ఉద్యోగం తీసేశారు. ఏడాది తిరగకముందే క్రిమినల్ కోర్టు అదే సోదా రుజువు కాలేదని నిర్దోషిగా వదిలేసింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. సుప్రీంకోర్టు ఆయన్ను జీతం బకాయిలతో సహా తిరిగి తీసుకొమ్మని చెప్పింది 1999 మార్చిలో. దాదాపు పద్నాలుగేళ్ళు.

సస్పెన్షన్ అలా ఏళ్ళ తరబడి సాగకూడదని, ఛార్జి మెమో ఇవ్వకుండా మూడు నెలలు దాటించరాదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫైలు పట్టుకుని వచ్చే మనిషికి ఆ తీర్పు నకలు అందులో పెట్టుకొమ్మని చెప్పాలి. దానికంటే ముందు, వకీలైనా, డిఫెన్స్ అసిస్టెంటుగా రాబోతున్న రిటైరైన పెద్దాయనైనా, కాగితాలు తెరవకముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "బాబూ, భృతి వస్తోందా?"